గేటు దగ్గర కునుకు తీసిన తండ్రి

సూరత్‌లోని ఒక తెలుగు బడికి నేను హెడ్‌మిస్ట్రెస్‌నైన మొదటి ఏడాది. తెలుగు బడుల ప్రధానోపాధ్యాయులకు నాయకత్వ శిక్షణ పెట్టారు. నా వంతు రాగానే, "మా పిల్లల తండ్రులు మరమగ్గాల మిల్లుల్లో సాంచెలు నడుపుతారు. చదువంటే పట్టదు. పదకొండింటికి మీటింగ్ పెడితే ఒక్కరూ రారు" అన్నాను.

శిక్షకుడు ఆ రోజు మా బడుల నుంచి కొందరు తల్లిదండ్రులను కూడా పిలిపించాడు. వాళ్లలోంచి ఒకాయన లేచాడు.

"నేనొచ్చిన మేడం. రాత్రి షిఫ్ట్ దిగి సీదా వచ్చి గేటు కాడ కూసున్న. జర కన్నంటుకుంది. తాగొచ్చినవా, లేచి పో అని మీరే ఎల్లగొట్టిన్రు."

హాలంతా నా వైపు తిరిగింది. ఆ రోజు నేను చూసింది ఆయన ఎర్రటి కళ్లనే. ఒక్క మాటైనా అడగలేదు.

ఇప్పుడు మీటింగ్ షిఫ్ట్ దిగే వేళకే, పొద్దున ఏడింటికి. ఆయన అవే ఎర్రటి కళ్లతో ముందు వరసలో కూర్చుంటాడు. తల దించుకునేది నేనే.