అక్క మంచు తొక్కిన పూట

ఈ ఉదయం టీ తాగుతూ ఫోన్ తెరిస్తే జబల్ అల్లోజ్ కొండ మీద మంచు పడుతున్న వీడియో వచ్చింది. తబూక్‌లో ఉండేవాళ్ళకు ఇది చలికాలపు పండగ. కొండ తెల్లబడిందని తెలిస్తే చాలు, ఊరు ఊరంతా కార్లెక్కి అటు పరుగెడుతుంది. తిరిగొచ్చేటప్పుడు బానెట్ మీద మంచు కుప్ప పోసుకుని ఊరేగింపుగా వస్తుంది. సౌదీలో మంచేమిటని మా వైపు వాళ్ళు ఇప్పటికీ నన్ను అబద్ధాలకోరులాగే చూస్తారు. నేను వాదించను. వీడియో చూడగానే నాకు అక్క గుర్తొచ్చింది.

అక్క నాకన్నా ముందే కడప నుంచి వచ్చి తబూక్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరింది. ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళే. మంచు పడితే పిల్లలతో కొండకు వెళ్ళేవారు. అక్క మాత్రం ఇంట్లోని ముసలమ్మను చూసుకుంటూ ఉండిపోయేది. సాయంత్రం ఆమె దాకా వచ్చే మంచల్లా వాళ్ళ బూట్లకంటిన బురదే. అది కడగడం ఆమె వంతు. చలికాలాలన్నీ అలాగే గడిచిపోయాయి. చివరికి ఇక ఇంటికి వెళ్ళిపొమ్మని పాస్‌పోర్టులో ఫైనల్ ఎగ్జిట్ పడింది, విమానం టికెట్ వచ్చింది, ఆ వారమే కొండ మీద మంచు కూడా పడింది. మేడం ఒక రోజు సెలవిచ్చింది. "ఒక్కసారి తొక్కి పోతా అబ్బీ, మళ్ళ యాడ చూస్తా" అంది అక్క. ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

నా గదిలో ఉండే హైదరాబాదీ మిత్రుడికి పికప్ బండి ఉంది, అంతకు మించి ఉత్సాహం ఉంది. మంచులో కాలు కూరుకుపోకుండా చలిదేశాల్లో బూట్ల కింద వెడల్పాటి చట్రాలు కట్టుకుని నడుస్తారని ఎక్కడో చూశాడట. టమాటాల ప్లాస్టిక్ ట్రేలు తెచ్చి, అడుగు భాగాలు కోసి, నైలాన్ తాళ్ళు కట్టి ముగ్గురికీ జతలు తయారుచేశాడు. "అక్కా, గివి కట్టుకుంటే నడుము లోతు మంచుల గూడ నడ్వొచ్చు" అన్నాడు. అక్క వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, టమాటా వాసన పోలేదని మళ్ళీ కడిగింది.

కొండ మలుపు దగ్గర పోలీసులు బండ్లు ఆపేశారు. పైన జనం నిండిపోయారు, వెనక్కి తిప్పండి అన్నారు. మిత్రుడు వెంటనే స్టీరింగ్ తిప్పబోయాడు. యూనిఫాం కనిపిస్తే జేబులో ఇకామా కార్డు, అదే ఇక్కడ ఉండేందుకిచ్చే అనుమతి, తడుముకునే రకం మేము. అక్కకు ఇంకో సెలవు దొరకదు, ఇంకో చలికాలం ఆమె ఇక్కడ ఉండదు. అప్పుడు అక్క అద్దం దించింది. ఆమెది వంటింటి అరబ్బీ, పిల్లలకు అన్నం తినిపిస్తూ నేర్చుకున్నది. ఆ నిలువెత్తు పోలీసును "నాయనా" అని పిలిచి, మా దేశం వెళ్ళిపోతున్నాను, మళ్ళీ రాను, ఒక్కసారి కాలు పెట్టి వచ్చేస్తానని, ముద్ద మింగని పిల్లాడిని బుజ్జగించినట్టు చెప్పింది. అతను నవ్వాపుకోలేక పక్కకు జరిగి దారిచ్చాడు.

తీరా చూస్తే పైన మంచు చీలమండ కూడా దాటలేదు. ట్రేలు కట్టుకున్న మిత్రుడు నాలుగడుగులు వేసి బోర్లా పడ్డాడు. వాడిని లేపబోయి నేనూ పడ్డాను. పడినా సంబరమే. వెనక్కి చూస్తే అక్క మంచు అంచున నిలబడి బూట్లు విప్పుతోంది. అప్పుడే తడిగుడ్డ పెట్టి తుడిచిన గచ్చు మీదికి చెప్పులతో పోతామా, అదన్నమాట సంగతి. "కాళ్ళు కొంకర్లు పోతాయి, ఏసుకో అక్కా" అన్నాను. ఆమె కాసేపు బూట్ల వంక, మంచు వంక చూసింది. తర్వాత బూట్లు తొడుక్కుని, ట్రేలు కట్టుకుని, దబదబ తొక్కుకుంటూ వచ్చింది. "ఈ పొద్దు తొక్కేది నేను. తుడిచేటోళ్ళు ఎవురన్నా ఉంటే తుడుచుకోనీలే" అంది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను చిన్నప్పటి నుంచీ వినలేదు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

అక్క ఇప్పుడు కడపలో ఉంది. సౌదీ ఎట్లుంటుందని ఎవరడిగినా మంచు గురించే చెబుతుందట. అన్నేళ్ళలో మేము కొండ మీద ఉన్నది ఒక్క పూట. అక్కకు మాత్రం సౌదీలో గడిపిన కాలమంటే అదే.