కదలని మామిడికాయ

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్నానో లేదో, మా తమ్ముడి మనవరాలు ల్యాప్‌టాప్ తెచ్చి ఒళ్లో పెట్టి, తను చేసిన ఆట చూడమంది. రంగురంగుల ముక్కలు ఒకదాని కింద ఒకటి అతికించి ఉన్నాయి, అవి చెప్పినట్టల్లా తెర మీద పిల్లి నడుస్తోంది. బాగుందమ్మా అన్నాను కానీ, ఆ ముక్కలు చూడగానే ఒంట్లోకి పాత అలసటంతా వచ్చి కూర్చుంది.

నా ఉద్యోగం చివరి ఏళ్లు భద్రాచలం వైపు అడవి అంచున ఒక బడిలో గడిచాయి. లెక్కలు చెప్పుకుంటూ రిటైరైపోదామనుకుంటుంటే, ఎవరో దాతలు పంపారని నాలుగు ల్యాప్‌టాప్‌లు వచ్చాయి, పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే పని నా నెత్తిన పడింది. మన తరం వాళ్లకు వేరే చెప్పాలా, మౌస్ పట్టుకుంటే చెయ్యి వణికే వయసు. వైరా నుంచి బస్సులు మారి చేరేసరికే ప్రాణం ఉసూరుమనేది, చేరాక కరెంటు ఉండేది కాదు, కరెంటున్న రోజు ఛార్జరు పనిచేసేది కాదు.

ఆ రంగు ముక్కల్లోనే, ఇది జరిగితేనే అది జరగాలి అని చెప్పే షరతు ముక్క ఒకటుంది, అది ఎంత చెప్పినా పిల్లలకు ఎక్కేది కాదు. ఒక ఏడో తరగతి అమ్మాయికి మాత్రం పట్టుబడింది. తునికాకు, ఇప్పపువ్వు ఏరుకుని బతికే ఇంటి పిల్ల, అడిగితే తప్ప నోరు విప్పేది కాదు. వాళ్ల ఊళ్లో మామిడి పండుగ చేసి, దేవతకు పెట్టుకున్నాకే కొత్తకాయ కోస్తారు, అంతవరకు ఎవరూ కాయ ముట్టరు. ఆ పిల్ల చేసిన ఆటలోనూ అంతే, చెట్టు కింద డోలు నొక్కితే పండుగ అయినట్టు, ఆ తర్వాత కాయ నొక్కితేనే అది బుట్టలో పడుతుంది. అది చూసిన రోజు ఇంటికెళ్లే బస్సులో సీటు దొరక్కపోయినా నాకు కాళ్లు నొప్పెట్టలేదు.

వేసవి సెలవుల ముందు ఒక ఆఫీసరు వచ్చారు. పిల్లలు నేర్చుకుంటున్నారని ఆయనకు అనిపిస్తే ల్యాప్‌టాప్‌లు ఉంటాయి, లేదంటే వేరే బడికి పోతాయి. నేను ఓ మూల ఛార్జరుతో కుస్తీ పడుతుంటే, ఆయన ఆ పిల్ల ముందు కూర్చుని నేరుగా కాయ నొక్కారు. కదల్లేదు. ఇంకోటి నొక్కారు, అదీ అంతే. పిల్ల పక్కనే నిలబడి చూస్తోంది తప్ప డోలు నొక్కమనలేదు.

“ఏంది మేడమ్, ఇది పనిచేస్తలేదు కదా” అంటూ లేచారు. నేను గబగబా వెళ్లి, పండుగ సంగతి చెప్పి, డోలు నొక్కి చూపించాను. “మంచిగనే ఉంది గని, చూసెటోళ్లకు సమజ్ కావాలె కదా” అని నవ్వి వెళ్లిపోయారు. అప్పటికే ఎన్ని బళ్లు తిరిగి వచ్చారో, ఆయన మొహమూ వాడిపోయే ఉంది.

ఎందుకు చెప్పలేదే అని పిల్లనడిగితే, “పండుగ కాకముందు కాయ ముట్టొద్దని సారుకు ఎరుకే కద టీచర్” అంది. లోకమంతా తమలాగే ఆగుతుందనుకుంది పాపం.

సెలవుల్లోపే జీపు వచ్చి ల్యాప్‌టాప్‌లు పట్టుకెళ్లింది. నేను మొత్తుకున్నా వినేవాళ్లు లేకపోయారు. ఆ పిల్ల వరండాలో నా పక్కనే నిలబడి, “పండుగ అయినంక మల్ల తెస్తరా టీచర్” అని అడిగింది. తెస్తారులేమ్మా అన్నాను, ఇంకేమనగలను?

ఇప్పుడు ఖమ్మం బజారులో ఎండలు ముదరకముందే మామిడికాయలు గుట్టలు పోస్తున్నారు, మా ఇంట్లో పిల్లలు నొక్కగానే కదలకపోతే ఆ ఆటే మార్చేస్తున్నారు. ఎవరినీ ఏమీ అనే ఓపిక నాకు లేదు. ఆ ఊళ్లో మాత్రం తర్వాత ఎన్నో మామిడి పండుగలయ్యాయి, ల్యాప్‌టాప్‌లు మళ్లీ రాలేదు.