హాస్టల్ గజ్జి, కానుగ నూనె

అనంతపురంలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడం మొదలుపెట్టిన మూడో ఏడు నాకు హాస్టల్ బాధ్యత కూడా అప్పగించారు. ఆ చలికాలంలోనే హాస్టల్లో గజ్జి మొదలైంది.

మొదట బయటపడింది ఒక ఫస్టియర్ అమ్మాయి దగ్గర. ల్యాబులో టెస్ట్ ట్యూబ్ అందిస్తే పట్టుకోలేదు. చేతులు చున్నీ కింద దాచుకుంది. పక్కకు పిలిచి చూస్తే వేళ్ల సందుల్లో గోకి గోకి పుండ్లు పడిన పొక్కులు.

"నన్ను ఇంటికి పంపించండి మేడం. గదిలో ఎవురూ నా పక్కన పడుకోల్యా" అంది. చదువు మానేస్తాననే మాట కూడా ఆ ఊపులోనే వచ్చింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పూత మందు రాసిచ్చాడు. ఆమెకు తగ్గింది, పక్క గదిలో వచ్చింది. వాళ్లకు తగ్గేసరికి మళ్లీ ఈమెకే తిరిగొచ్చింది. సంక్రమించేది పురుగని, చర్మంలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుందని నాకు తెలుసు. మందులో దాన్ని చంపే రసాయనం ఉందనీ తెలుసు. అయినా ఎందుకు పోవడం లేదో అర్థం కాలేదు.

మా హాస్టల్ వంటామె సోమందేపల్లె దగ్గరి పల్లెటూరి మనిషి. పుట్టినిల్లు గొర్రెల కాపరుల ఇల్లు. వడ్డించేటప్పుడు పిల్లల చేతులు చూసి ఊరుకోలేక నా గదికి వచ్చింది.

"ఏమ్మా మేడం, ఇన్ని దినాలాయ, ఇంగా గోక్కుంటానే ఉండారే పిల్లోళ్లు! కానుగ నూనె పూయకూడదా?"

"డాక్టరు మందు వాడుతున్నాం కదక్కా."

"వాడుకోండి. నేనేమన్నా వద్దన్నానా? మా నాయన గొర్రెలకు గజ్జి వస్తే కానుగ నూనె, పసుపు కలిపి పూసేటోడు. మాకు వచ్చినా అదే."

ఆ ఆదివారం ఊరికి పోయి, గానుగలో ఆడించిన నూనె సీసాతో బస్సు దిగింది. ముదురు ఎరుపు రంగు. మూత తీస్తే ఘాటైన చేదు వాసన గదంతా పట్టుకుంది.

తెలియని పదార్థాన్ని పిల్లల ఒంటికి పూయనిచ్చే మనిషిని కాను నేను. సీసా తీసుకుని నేరుగా ల్యాబుకు వెళ్లాను. ఆ ఫస్టియర్ అమ్మాయిని కూడా చేతులకు గ్లవుజులు తొడుక్కుని రమ్మన్నాను. చేతులు దాచుకోవడానికి ఇంతకంటే మర్యాదైన దారి లేదని నాకనిపించింది.

నూనెకు మిథనాల్ కలిపి, పైన మూత, అడుగున కుళాయి ఉండే గాజు గరాటులో బాగా ఊపాము. నిలవనిస్తే రెండు పొరలుగా విడిపోయింది. చేదంతా మిథనాల్ పొరలోకి చేరుతుంది. ఆ పొరను వేరుచేసి, వేడి నీటి మీద పెట్టి చిక్కబరిచి వదిలేశాము. మూడో రోజు పొద్దున ఆ అమ్మాయి స్టాఫ్ రూముకు పరిగెత్తుకొచ్చింది.

"మేడం, బీకరులో సూదులు ఉండాయి!"

నిజమే. అడుగున తెల్లటి సన్నని సూదుల్లాంటి స్ఫటికాలు. వాటిని కడిగి, ఆరబెట్టి, కరిగే ఉష్ణోగ్రత చూస్తే పుస్తకంలోని అంకెకు సరిపోయింది. దాని పేరు కరంజిన్. కానుగను సంస్కృతంలో కరంజమంటారు, పేరు అక్కడినుంచే. పూలకూ పండ్లకూ రంగులిచ్చే ఫ్లేవనాయిడ్ల కుటుంబమే ఇది కూడా. కాకపోతే దీనికి ఫ్యూరాన్ అనే ఐదు పరమాణువుల వలయం ఒకటి అదనంగా అతుక్కుని ఉంటుంది. చెట్టు దీన్ని మన కోసం తయారుచేసుకోలేదు. గింజను పురుగులు తొలవకుండా కాపాడుకోవడానికి చేసుకుంది. ఆ మాట చెబుతుంటే అమ్మాయి స్ఫటికాలను చూస్తూ మొదటిసారి నవ్వింది.

నేను గర్వంగా ఆ స్ఫటికాలను చిన్న గాజు సీసాలో వేసి వంటింటికి తీసుకెళ్లి చూపించాను. "చూడక్కా, నీ నూనెలో మందు ఇదే."

ఆమె వేలితో సీసాను తట్టి చూసింది. "బాగుండాది. అయితే ఇదొక్కటే మందు కాదు మేడం. మా నాయన ఒక గొర్రెకు గజ్జి కనపడితే మందలో ఉండే గొర్రెలన్నిటికీ పూసేటోడు. బాగుండే వాటికి గూడా, ఒగటే దినం. మీరేమో గోక్కునేటోళ్లకు మాత్రమే పూస్తాండారు."

తరువాత గదికి వెళ్లి డాక్టరు చీటీ తీసి చూశాను. అందులో కింద చిన్న అక్షరాలతో రాసి ఉంది: గదిలో ఉన్నవాళ్లంతా ఒకేసారి పూసుకోవాలి. నేను మందు పేరు చదివి, అందులోని అణువును గుర్తుపట్టి, అక్కడితో ఆగిపోయాను. తప్పు నాదే.

డాక్టరుకు ఫోన్ చేశాను. మొత్తం హాస్టలుకు ఒకే రోజు మందు పూయాలని, వారం తర్వాత ఇంకోసారి పూయాలని చెప్పాడు. కానుగ నూనె గురించి కూడా అడిగాను. "పుండ్లున్న చోట వద్దు. తర్వాత మిగిలిన దురదకు, ముందు మోచేతి దగ్గర కొంచెం పూసి చూసి, మంట లేకపోతే వాడండి" అన్నాడు. ముందు నా మోచేతికి పూసుకుని రెండు రోజులు చూసుకున్నాను. ఏమీ కాలేదు, వాసన తప్ప.

ఆ పై ఆదివారం అందరికీ డాక్టరు మందు పూయాలని పెట్టుకున్నాం. దురద లేని ఫైనలియర్ పిల్లలు ఎదురు తిరిగారు.

"మాకు లేదు కదా మేడం, మేమెందుకు పూసుకోవాల?"

నేను నోరు తెరిచేలోపే వంటామె అందుకుంది. "నీకు రాలేదని నీకు తెలుసు. గజ్జి పురుగుకు తెలుసునా? రాండి, వరసలో నిలబడండి!"

నిలబడ్డారు. నేను, ఆమె కూడా పూసుకున్నాం. మెడ నుంచి పాదాల దాకా పూసుకుని సాయంత్రం దాకా కడుక్కోకూడదని డాక్టరు చెప్పాడు. స్నానాల నీళ్లు కాచే పెద్ద కాగుల్లో బట్టలు, దుప్పట్లు ఉడకబెట్టాం. పరుపులన్నీ మిద్దె మీదికి ఎక్కించాం. మా ఊరి ఎండ ఆ రోజు మాకు పనికొచ్చింది. పొడి సున్నం వాసన కొట్టే ఆ మిద్దె మీద ఆ వంటామె కర్ర పట్టుకుని తిరుగుతూ, పరుపులు తిప్పిస్తూ, పిల్లల్ని గొర్రెల్ని అదిలించినట్టే అదిలించింది. నేను ఆమె చెప్పినచోటికల్లా వెళ్లాను.

రెండో విడత అయ్యాక కొత్తగా ఎవరికీ రాలేదు. దురద మిగిలినవాళ్లు కొందరు పొక్కులు మానాక కానుగ నూనె పూసుకున్నారు. హాస్టల్ నడవలో కొన్నాళ్లు ఆ చేదు వాసన తిరిగింది, ఎవరూ విసుక్కోలేదు.

పురుగును చంపింది డాక్టరు మందే. నూనె ఎంత చేసిందో నేను రుజువు చేయలేను, కాబట్టి చేసిందని చెప్పను. కానీ గజ్జిని మొత్తం హాస్టల్ నుంచి పంపించింది మాత్రం సోమందేపల్లె గొర్రెలకాపరి తెలివి అని క్లాసులో గట్టిగా చెబుతాను.

ఆ ఫస్టియర్ అమ్మాయి చదువు మానలేదు. వేసవి సెలవుల్లో తనే వంటామె వాళ్ల ఊరికి వెళ్లి, రేల కాయలు తెచ్చింది. పొడుగ్గా, నల్లటి గొట్టాల్లా ఉన్నాయి. లోపలి గుజ్జును మలబద్ధకానికి నీళ్లలో నానబెట్టి తాగుతారట, దాన్లో ఏముందో చూద్దామంది. పేగుల్ని కదిలించే ఆంత్రాక్వినోన్లు అని నేను చెప్పేశాను.

"చెప్పొద్దు మేడం" అని నా చేతిలోంచి కాయ లాక్కుంది. "నేను తీసి చూస్తా."