ఎత్తే బరువు, ఒంటి బరువు

మా మేడం పోయారు. ఏలూరు నుంచి ఆవిడ చెల్లెలుగారు ఫోన్ చేసి, తెల్లవారుజామున అక్క ప్రభువునందు నిద్రించిందమ్మా అన్నప్పుడు నేను తాడేపల్లిగూడెంలో, మా కాలేజీ జిమ్ములో, రాడ్డుకి ప్లేట్లు ఎక్కిస్తున్నాను. వస్తున్నానండీ అని ఫోన్ పెట్టేసి మళ్ళీ పనిలో పడ్డాను. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఎక్కించానట. పిల్లలే చూసి సరిచేశారు.

ఏలూరు డిగ్రీ కాలేజీలో ఆవిడ మాకు ఆటల మేడం. చీర మీద కాన్వాసు బూట్లు వేసుకుని, కొంగుకెప్పుడూ సుద్దపొడి అంటించుకుని, ఆడపిల్లలకి వెయిట్‌లిఫ్టింగ్ నేర్పేవారు. ఆ ఆట ఎరగనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. అందులో ఒంటి బరువును బట్టి తరగతులుంటాయి. పోటీ రోజు ముందుగా మనిషిని తూస్తారు. హద్దు దాటితే ఆ తరగతిలో ఆడనివ్వరు. అంచేత పిల్లల ఒంటి గురించి మాట్లాడకుండా మా ఆటలో కోచ్‌కి కుదరదు. ఇప్పుడు నేనూ అదే ఉద్యోగంలో ఉన్నాను. ఎలా మాట్లాడాలో నాకు ఇప్పటికీ చేతకాదు.

మేం చేరిన కొత్తలో కాలేజీలో బరువు చూసే మిషను పాడైంది. పోటీలేమో దగ్గరపడ్డాయి. మాలో ఒకమ్మాయి వాళ్ళకి పెదపాడు దగ్గర చేపల చెరువులున్నాయి. మా గట్టు మీద కాటా ఉందండీ అంటే మేడం మమ్మల్ని ఆటో ఎక్కించి తీసుకెళ్ళారు. చేపల కాటా దగ్గర మీరెప్పుడైనా నిలబడ్డారా? అక్కడ తూకమంటే అరిచి చెప్పేదే. ట్రే పెట్టగానే కాటా ఆయన అంకె పాడతాడు, లారీ దగ్గరాయన దాన్నే అందుకుంటాడు. మాలో ముందుగా ఎక్కిన అమ్మాయి అంకెనీ ఈయన అలవాటు కొద్దీ పాడేశాడు, ఆయన అందుకున్నాడు. ఐసు కొట్టేవాళ్ళంతా పగలబడి నవ్వారు. వాళ్ళేం చెడ్డవాళ్ళు కాదు. కానీ ఆ అమ్మాయి ఏడుపు ఆపుకోవడం చూసి మాకు ఎటు చూడాలో తెలియలేదు.

మేడం ఆ అమ్మాయిని దింపి తను ఎక్కారు. ఆవిడ భారీ మనిషి.

"నాదీ పాడండి బాబూ, గట్టిగా," అన్నారు.

కాటా ఆయన తల దించుకున్నాడు. "అమ్మా, మీది నేనెలా చెప్పగలనండీ?"

"నాది చెప్పలేనివారు పిల్లలది ఎలా చెప్పారండీ?" అని దిగి మమ్మల్ని ఆటో ఎక్కించారు. చెరువుగలాయన నొచ్చుకుని, వెనకే వచ్చి పెద్ద బొచ్చె చేప ఒకటి ఇచ్చాడు. మేడం మొహమాటం లేకుండా అదీ పుచ్చుకున్నారు.

ఆ తర్వాత ఇంటి నుంచి తన మిషనే తెచ్చి జిమ్ములో కిటికీ దగ్గర పెట్టారు. మేం కిటికీ వైపు మొహం పెట్టి ఎక్కాలి. అంకె మా మడమల వెనక ఉండేది. ఆవిడ ఒక్కరే వంగి చూసేవారు. చూసి అంకె చెప్పేవారు కాదు, "పొద్దున ఏం తిన్నావు?" అని అడిగేవారు. ఎవరైనా ఎంతండీ అంటే, "ఎత్తే బరువు నీది, ఒంటి బరువు నా పని," అని ఒకటే మాట. ఎవరికైనా హద్దు దాటితే పై తరగతిలో పేరిచ్చేవారు. పిల్లని తగ్గించడం కంటే తరగతి మార్చడం సుఖం అనేవారు. దానివల్ల మాకు పతకాలు తక్కువే వచ్చాయి. ప్రిన్సిపాల్‌గారు సణిగితే ఈవిడ సోంపు నముల్తూ వినేవారు.

మేమందరం ఆకలితో నకనకలాడే పిల్లలం. ఏం తిన్నావంటే నిజం చెప్పేవాళ్ళం, తినలేదంటే తన క్యారేజీ తెరిచేవారు. నేనూ ఉద్యోగంలో చేరాక ఆ ప్రశ్న ఒక్కటీ పట్టుకుని ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను.

ఇప్పుడు నా దగ్గర ఒక పిల్ల ఉంది. కొల్లేటి పక్క ఊరి పిల్ల, రాడ్డు పట్టుకుంటే చూడముచ్చటగా ఉండేది. ఒక క్యాంపులో అక్కడి కోచ్ ఎవరో, కొంచెం తగ్గావంటే కింది తరగతిలో పతకం నీదేనమ్మా అన్నాడట. అందులో తిట్టూ లేదు, అబద్ధమూ లేదు. ఆ పిల్ల తగ్గింది. పతకం వచ్చింది. తగ్గడం మాత్రం ఆగలేదు. జుట్టు ఊడుతోంది. నెలసరి ఆగిపోయింది. డాక్టరుగారు మాత్రలు రాసి, బాగా తినమ్మా అన్నారు. ఊళ్ళోవాళ్ళు చక్కగా నాజూకైందని మెచ్చుకుంటున్నారు. నేను పోటీలు మానిపించాను. అయినా ఏం మారలేదు. వాళ్ళ నాన్న చేపల చెరువులు చేస్తాడు. ఒకరోజు కాలేజీకి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"చేపలకి మేతేసి తూకం తేవడం నాకు తెలుసండీ. నా పిల్ల చేత ముద్ద తినిపించడం నావల్ల కావట్లేదు. మీరే ఏదోటి చెయ్యండి మేడంగారూ."

నేనేం చెయ్యను? పాసింజరెక్కి ఏలూరు వెళ్ళాను, మా మేడాన్ని అడుగుదామని.

అప్పటికే ఆవిడ క్యాన్సరుతో ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నారు. ఆ రోజు ఆవిడతో నేనూ వెళ్ళాను. మందు ఎక్కించే ముందు ప్రతిసారీ బరువు చూడాలి, మందు ఎంతన్నది దాన్ని బట్టే. చెప్పులు విడిచి మిషనెక్కి, మేడం అంకెకి వీపు పెట్టి నిలబడ్డారు. ఇటు తిరగండమ్మా అంది నర్సు. ఇలాగే అలవాటమ్మా అన్నారు ఈవిడ. నర్సు అంకె గట్టిగా చెప్పింది, బల్ల దగ్గరావిడ తిరిగి చెప్పి రాసుకుంది. మేడం నా వైపు చూసి, "చేపలే," అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ అంకె ఆ భారీ మనిషిది కాదు.

"పొద్దున ఏం తిన్నారండీ?" అన్నాను. ఇడ్లీ తిన్నానన్నారు. వెనక నిలబడ్డ చెల్లెలుగారు లేదన్నట్టు తలూపింది.

నా పిల్ల సంగతంతా చెప్పాను. "ఏం తిన్నావంటే తిన్నానండీ అంటోంది మేడం. అబద్ధం."

"నేనూ ఇప్పుడు నీకు అదేగా చెప్పాను. తిన్నానంటే అడగడం మానేస్తారని."

"మరి ఏం అడగమంటారండీ?"

"మీకు ఆకలేసేది, నేను పెట్టేదాన్ని. అంతే అమ్మాయ్. ఆకలే వద్దనుకునే పిల్లని ఏమడగాలో నాకూ తెలీదు."

నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. అంత మనిషి తెలీదంటే ఇంక నేనెవర్ని అడగాలి? మళ్ళీ వస్తానండీ అని లేచాను. మళ్ళీ వెళ్ళేసరికి పెట్టెలో ఉన్నారు.

సమాధుల తోటకి పెట్టె మేమే మోస్తామని మా పాత జట్టువాళ్ళం పట్టుబట్టాం. అందరం బరువులెత్తినవాళ్ళమే. ఆవిడ నేర్పినట్టే మోకాళ్ళు వంచి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారి లేచాం. అంత బిగబట్టాల్సిన పని లేకపోయింది. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మర్నాడు కాలేజీకి వచ్చాను. జిమ్ములో నా మిషను కూడా కిటికీ దగ్గరే ఉంటుంది. ఆ పిల్ల వచ్చి, చెప్పకుండానే కిటికీ వైపు తిరిగి ఎక్కింది. వెనక వంగి చూశాను. ఏం తిన్నావని నోటిదాకా వచ్చింది, ఆపేసుకున్నాను. దాని బదులు అడగడానికి ఇంకో మాట లేదు. లేవబుద్ధి కాక అక్కడే చతికిలబడ్డాను.

"చూశారాండీ?" అంది, వెనక్కి తిరక్కుండానే.

"చూస్తున్నానమ్మా," అన్నాను.

ముల్లు ఒకచోట నిలవడం లేదు. మిషను బాగానే ఉంది. ఆ పిల్ల కాళ్ళే వణుకుతున్నాయి.