రాయి మీద పడని బొట్టు

ఇది కల్పించి చెబుతున్నది కాదు. మా అమ్మ మీద ఒట్టు పెట్టమన్నా పెడతాను. ఆత్మకూరులో, మేం సమాధి రాళ్లు చెక్కే షాపులో జరిగింది. పోయినవాళ్ల ఫోటో చూసి ముఖం గీయడం నా పని. టాబ్లెట్ మీద పెన్నుతో గీస్తే ఆ గీత కంప్యూటర్‌లో పడుతుంది. అక్కడి నుంచి మిషన్ నల్లరాయి మీద చెక్కేస్తుంది. రాయి మీద పడ్డాక ఇక చెరపడం ఎవరి తరమూ కాదు.

ఆ శనివారం సాయంత్రం నుంచీ ఒకటే వాన. మా ఓనర్ ఒక ముసలావిడ ఫోటో ఇచ్చాడు. వరికుంటపాడు వాళ్లదట. ముఖం ఆ రాత్రికే చెక్కేయాలనీ, పేరూ వివరాలూ పొద్దున కొడుకు వచ్చి చెబుతాడనీ అన్నాడు. ఆవిడది ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోటోనే. అది కూడా నుదుటి దగ్గర మడతపడి తెల్లబారింది. ఓనర్ వెళ్లిపోయాడు. నేనూ, ఆవిడ ముఖమూ మిగిలాం.

కళ్లు కుదిరాయి. ముడతలు కుదిరాయి. ఇక బొట్టు... మడతలో చెరిగిపోయి ఉంటుందిలే అనుకుని, నుదుటి మీద పెన్ను ఆనించాను. టిక్... తెర మీద ఏమీ లేదు. మళ్లీ ఆనించాను. టిక్... లేదు. పక్కన జుట్టు గీశాను, పడింది. చెవికి కమ్మ గీశాను, పడింది. బొట్టు మాత్రం పడదు.

మాది పాత కంప్యూటర్. పని ఎక్కువైతే టాబ్లెట్ పంపిన గీతలను కాసేపు ఆపుకుని, తర్వాత ఒక్కసారిగా వదులుతుంది. మాకది మామూలే. అందుకే ఆగాను. బయట వాన... లోపల కంప్యూటర్ ఫ్యాను కిర్రుమంటోంది... తెర మీద ఆవిడ నన్నే చూస్తోంది. బొట్టు ఎంతకీ రాలేదు. ఒళ్లు మండి టిక్ టిక్ టిక్ మని పొడిచాను.

అప్పుడు... చెయ్యి ఆగిపోయింది. ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు కాదు. వద్దులే అన్నట్టు... మెత్తగా.

"సరేలే అవ్వా, నీ ఇష్టం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అలాగే మిషన్‌కు పంపేశాను. చెక్కడం అయ్యాక షాపు కరెంటు మెయిన్ ఆపి, పరుగున వెళ్లి ఉదయగిరి చివరి బస్సు ఎక్కాను.

పొద్దున కొడుకు వచ్చాడు. రాయి మీది గుడ్డ తీశాను.  అతను నుదుటి మీద చేత్తో తడిమాడు.

"మా అమ్మ అచ్చం ఇట్టనే ఉండేదన్నా. మేం బాప్టిస్టులం, మా ఇంట్లో బొట్టు పెట్టుకోరు. ఆ ముక్క చెప్పడం మరిచినాను. మీరు అలవాటులో పెట్టేసినారేమోనని దారంతా వణకతా వచ్చినాను. ఈ పొద్దు చర్చిలో ఆదివారం గుడి అయినాక ప్రార్థన చేసి రాయి నిలబెట్టాల."

పేరూ వివరాలూ అడిగి రాసుకున్నాను.

పేరు చెక్కాలి కదా అని కంప్యూటర్ ఆన్ చేసి ఖాళీ పేజీ తెరిచాను. పెన్ను బల్ల మీదే ఉంది. తెర మీద ఒక చుక్క పడింది... ఇంకొకటి... ఇంకొకటి... రాత్రి నేను పొడిచిన బొట్లన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి.

రిపేరు చేసే అతను ఆగిన డేటా అప్పుడప్పుడు అలా వస్తుందంటాడు. మరి కరెంటు తీసేస్తే పోవాలి కదా అంటే తల గోక్కుంటాడు. రాత్రంతా వాటిని ఎవరు పట్టుకుని కూర్చున్నారో నాకు తెలియదు. ఒక కొడుకుకు మిగిలిన ఒక్క ముఖాన్ని నా చేతులతో పాడుచేయనివ్వలేదు, అంతే తెలుసు. వరికుంటపాడు వైపు వెళ్లినప్పుడల్లా ఆ సమాధి ముందు ఆగి చేతులు జోడిస్తాను. దండం ఎవరికి పెడుతున్నానో మాత్రం... ఇప్పటికీ తెలియదు.