మంటలకు ముందే దిగిపోవాలట

ఈ రోజు జనక్‌పురిలోని మా అపార్టుమెంటులో ఫైర్ డ్రిల్ జరిగింది. పొద్దున్న పూజ ముగించి లేచేసరికి సొసైటీ సెక్రటరీగారు గుమ్మంలో ఉన్నారు. మన తెలుగువారే, రిటైరైన ఆఫీసరు.

"మేడమ్, సైరన్ పదకొండుకి. మీ చెల్లెలిగారిని పదిన్నరకే లిఫ్టులో దించేయండి. వీల్‌చైర్ మెట్ల మీద అడ్డమైతే మన టైమింగ్ ఖరాబ్ అయిపోతుంది."

"నిజంగా నిప్పంటుకుంటే, అదీ అరగంట ముందు చెప్పి వస్తుందాండీ?"

"అరే, ఇది డ్రిల్లే కదా మేడమ్!"

ముందుగా దిగనని చెల్లి ఖచ్చితంగా చెప్పింది. సైరన్ మోగింది, లిఫ్టులు ఆపేశారు. మా ఐదో అంతస్తు గుమ్మంలో ఇద్దరం కూర్చున్నాం. ఒక్కరూ పైకి రాలేదు. కాసేపటికి కింద మైకులో, ఆరు నిమిషాల్లో అందరూ క్షేమంగా బయటపడ్డారని ప్రకటించి చప్పట్లు కొట్టుకున్నారు.

చెల్లి ఆయనకు ఫోన్ చేసింది. "సెక్రటరీగారూ, మేమింకా పైనే ఉన్నామండీ."

"అచ్ఛా... రిపోర్టు పంపేశామమ్మా."

కాబట్టి మేము క్షేమమే. అంతా సెక్రటరీగారి దయ. మీ బిల్డింగులో మెట్లు దిగలేనివాళ్లను దించవలసిన మనిషి ఎవరో మీలో ఎవరికైనా తెలుసా? తెలిస్తే పేరు రాయండి.