గొలుసు మీద కాలు

మా పడవల క్లబ్బు రేవులో పడవని గోడకు పక్కవాటుగా ఆపే చోటు ఉండేది కాదు. ఉన్నదల్లా ఒక పాత సిమెంటు గోడ, నీళ్ళలోకి దిగే మెట్లు, గోడ మీద మోకులు తగిలించడానికి ఇనుప కొక్కేలు. అందుకని పడవ వీపు గోడవైపు ఉండేలా వెనక్కి నడిపి కట్టేవాళ్ళం. ముందు గోడకు బాగా దూరంగా ఆగి, పడవ ముక్కు దగ్గర నుంచి లంగరు దించాలి. ఒకరు అక్కడ నిలబడి గొలుసు వదులుతూ ఉంటే, చుక్కాని పట్టుకున్న మనిషి గోడకేసి చూస్తూ పడవని వెనక్కి తెస్తాడు. మూడో మనిషి మోకు పట్టుకుని మెట్ల మీదికి దిగుతాడు. లంగరు అడుగు బురదలో పట్టు దొరకబుచ్చుకుంటే పడవ నిలుస్తుంది. లేకపోతే వెళ్ళి గోడకు కొట్టుకుంటుంది.

గ్రీసు దీవుల్లో ఊళ్ళన్నీ ఇలాంటి గోడలవేనని, అక్కడ అందరూ ఇలాగే కడతారని నా స్నేహితుడు చెప్పేవాడు. ఒకసారి సెలవులకు వెళ్ళి, ఏదో దీవిలో ఒక కాఫీ కొట్టు ముందు రోజంతా కూర్చుని, వచ్చే పడవల్ని చూసి నేర్చుకున్నాడట. అతనిది హైదరాబాదు పాతబస్తీ. సింగపూర్‌లో ఒక బ్యాంకులో ఇద్దరం కంప్యూటర్ల పని చేసేవాళ్ళం. కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న రెండు వేల సంవత్సరం గండం గడిచిపోయినా మా పని తగ్గలేదు. వారం వారం మన కుర్రాళ్ళు కొత్తవాళ్ళు సూట్‌కేసులతో దిగుతూనే ఉండేవారు. దేశం విడిచి వెళ్తున్న ఒక తెల్లాయన దగ్గర ఆ పాత తెరచాప పడవని మేం నలుగురం కలిసి కొన్నాం. మిగతా ఇద్దరూ ఇంకా మంచి ఉద్యోగాలు చూసుకుని వెళ్ళిపోయారు. పడవ మా ఇద్దరికీ మిగిలింది.

ఇద్దరితో కుదిరే పని కాదు గనక మూడో మనిషిగా నా భార్య వచ్చింది. మొదటి వారం ఫ్లాస్కులో టీ పోసుకుని, ఊరికే చూస్తానని వచ్చింది. రెండో నెలకల్లా ముక్కు దగ్గరి చోటు తనదైపోయింది. సల్వారు వేసుకుని, తల మీద నా పాత ఆఫీసు టోపీ పెట్టుకుని, లంగరు దింపేది. గొలుసు తగినంత వదిలాక చెప్పు విప్పి ఉత్త పాదం దాని మీద ఆనించేది.

"చూడక్కర్లేదు, కాలికే తెలిసిపోతుంది. లంగరు ఈడ్చుకొస్తోందనుకోండి, గొలుసు మీ పేజరులా వణుకుతుంది. పట్టిందంటే ఇంక ఉలుకూ పలుకూ ఉండదు" అనేది నాతో.

నా స్నేహితుడు గోడ మీద నుంచి చూపు తిప్పకుండా, "భాభీ, పట్టిందా?" అని కేక వేసేవాడు. "పట్టింది, పోనివ్వండి!" అని తను ముందు నుంచి అరిచేది. వెనక మోకులు నావి. నాలుగేళ్ళు ఇలాగే జరిగింది.

తను చనిపోయిన వారం నా డైరీలో వాన ఎప్పుడు పడిందీ, ఎప్పుడు తెరిపిచ్చిందీ రాసి ఉంది. వేరే ఏమీ లేదు. కావాలని దాచిందేమీ లేదు. రాయడానికి కూర్చుంటే అంతకంటే ఏమీ తోచలేదు. ఆఫీసు నుంచి ఇరవై ముప్ఫై ఈమెయిళ్ళు వచ్చాయి, అన్నింటికీ జవాబు ఇచ్చాను. ఊరి నుంచి తన అక్కగారు వచ్చారు. మా అమ్మాయి యూనివర్సిటీకి సెలవు పెట్టింది. నేను అస్థికలు కలిపే పనిని ఆఫీసు పనిలాగే వరసగా పెట్టుకున్నాను. పోటు వేళలు చూశాను. మా గోడ దగ్గరికి చేరాలంటే నీళ్ళు నిండుగా ఉండాలి, పాటు వేళకి అక్కడ ఒట్టి బురద. అందుకని పోటు పూర్తయ్యే ముందే సముద్రంలో పని ముగించి, నిండు నీళ్ళ మీద తిరిగి రావాలని నిర్ణయించాను.

పురోహితుడు ఒడ్డునే మంత్రాలన్నీ చదివించి, "నాకు పడవ పడదండీ, కడుపులో తిప్పుతుంది. మీరు వెళ్ళి కలిపేసి రండి. కలిపాక మాత్రం వెనక్కి తిరిగి చూడకూడదు. ఎవ్వరూనూ" అన్నాడు.

"చూడరు. నేనుంటాగా" అంది మా వదినగారు. ఆవిడకి పడవంటే భయం. అయినా చెల్లెలి కోసం నారింజ రంగు లైఫ్ జాకెట్ చీర మీదే బిగించుకుని ఎక్కి కూర్చుంది. 

నా స్నేహితుడు ఆఫీసు ఫోను ఆపేసి టిఫిన్ డబ్బాలో పడేశాడు. "ఈ పూట సర్వర్లు పడిపోతే పడిపోనీ అన్నా" అన్నాడు.

పుంగ్గోల్ వైపు కొత్తగా లేస్తున్న ఫ్లాట్లు, వాటి మీద క్రేన్లు చిన్నగా కనిపించేంత దూరం వెళ్ళాం. అక్కడ ఇంజను ఆపాడు. నేను వంగి, గుడ్డ కట్టిన మట్టి పాత్రని నీళ్ళలో పెట్టి వదిలాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. అమ్మాయి టెక్కా మార్కెట్‌లో కొన్న పసుపు చామంతులు చల్లింది. వదినగారు ఏడుస్తూనే లేచి, "అయింది. ఇటు తిరగండి, అందరూ ఇటే. అమ్మాయ్, నువ్వూనూ" అంది. తిరిగాం. ఇసుక వేసుకున్న ఒక పెద్ద బార్జి, దాన్ని లాగే టగ్గు పడవ వెనకాల, మా దారికి అడ్డంగా పోతోంది. అది దాటేదాకా ఆగి, ఇంజను వేసుకుని రేవుకు బయలుదేరాం. అందరం గోడకేసే చూస్తున్నాం. నాకు దుఃఖం రాలేదు. బార్జి వల్ల ఎంత ఆలస్యమైందో, నీళ్ళు ఇంకా నిలిచి ఉంటాయో లేదో ఆలోచిస్తున్నాను.

రేవు దగ్గర పడ్డాక నా స్నేహితుడు పడవ వేగం తగ్గించి, "లంగరు ఎవరు చూస్తరు అన్నా?" అన్నాడు.

అన్నీ చూసుకున్న నేను అదొక్కటి చూసుకోలేదు. ముక్కు దగ్గర ఎవరు నిలబడతారన్న ప్రశ్న అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

"నేను వెళ్తాను. మోకులు అమ్మాయి పట్టుకుంటుంది" అన్నాను.

పడవని వెనక్కి తిప్పడానికి అతను చుక్కాని మళ్ళించాడు. వీపు గోడవైపు తిరిగింది, ముక్కు సముద్రంవైపు తిరిగింది. అప్పుడు అర్థమైంది వదినగారికి.

"ఆగండాగండి! అక్కడ నిలబడితే మీ మొహం ఎటుంటుంది?"

"సముద్రంవైపు వదినా. గొలుసు అటే పోతుంది."

"చూడకూడదన్నారుగా! కలిపిన చేతులు మీవి. పోనీ మీ ఫ్రెండు వెళ్ళకూడదూ? ఆయనకి మన పట్టింపులు లేవుగా."

"నేను పోతే చుక్కాని ఎవరు పట్టాలె అక్కా? అన్నకు వెనక్కి నడపడం రాదు. గోడకు గుద్దిస్తడు" అన్నాడు నా స్నేహితుడు.

"పెద్దమ్మా, గాలి పెరుగుతోంది. చూస్తే ఏమవుతుంది? ఇట్స్ ఓకే లా" అంది అమ్మాయి.

"నీకు ఈ ఊరి లాలాలే తెలుసు. వెనక్కి చూస్తే అది వెళ్ళలేకపోతుందే! మన కోసం ఆగిపోతుంది. నా చెల్లెలు నీళ్ళలో అలా ఆగిపోవాలా?"

 నాకు నమ్మకమూ లేదు, అపనమ్మకమూ లేదు. కానీ ఆవిడ అంత దూరం నుంచి వచ్చింది ఈ ఒక్క పనికి. అది సరిగ్గా జరగలేదనుకుంటూ విమానం ఎక్కితే, ఆవిడకి మిగిలిన కాలమంతా అదే మిగులుతుంది.

"చూడను వదినా. కాలితో చూస్తాను" అన్నాను.

ముందుకు వెళ్ళాను. లంగరు దించి, పడవ ముక్కుకు వీపు ఆన్చి, మొహం గోడవైపు పెట్టుకుని, చేత్తో తడుముతూ గొలుసు వదిలాను. పడవ వెనక్కి నడిచింది. చెప్పు విప్పి గొలుసు మీద పాదం ఆనించాను. తను చెప్పిన వణుకు కోసం చూశాను. ఏమీ తెలియలేదు. ఇనుము చల్లగా ఉందో వేడిగా ఉందో కూడా తెలియలేదు.

"పట్టిందా అన్నా?"

వణుకు లేదు గనక పట్టిందనే అనుకుని "ఆఁ" అని అరిచాను. అతను ఇంజను కొంచెం పెంచాడు. పడవ ఆగలేదు. గాలి పక్క నుంచి తోస్తుంటే గోడ మీదికి పోతోంది. వదినగారు కేక పెట్టింది. అమ్మాయి వెనక కూర్చుని రెండు కాళ్ళూ గోడకు తన్నిపెట్టి బలంగా నెట్టింది. గోడ తగలకుండా పడవకి వేలాడేసిన రబ్బరు దిండు ఒకటి నలిగి టప్పున పగిలింది. నా స్నేహితుడు ఇంజను ముందుకు మార్చి, పడవని లాక్కుని బయటికి తెచ్చాడు.

"ఎట్ల పట్టిందన్నవ్ అన్నా? బిడ్డ కాళ్ళు పోతుండె!" ఇన్నేళ్ళలో అతను నా మీద గొంతు పెంచింది అప్పుడే.

"నాకు తెలియలేదు" అన్నాను.

అమ్మాయి మోకాలు చెక్కుకుపోయింది. అది రుద్దుకుంటూ నా వైపు చూసింది. వదినగారు ఆ మోకాలిని చూసింది, తర్వాత నన్ను చూసింది. లైఫ్ జాకెట్ తాళ్ళు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. నేను గొలుసంతా పైకి లాగాను. లంగరుకు బురదే గాని పట్టు తగిలిన గుర్తు లేదు. మళ్ళీ దించాను. ఈసారి ఆవిడ అనుమతి అడగలేదు. సముద్రంవైపు తిరిగాను.

అక్కడ ఏమీ లేదు. మట్టిరంగు నీళ్ళు, టగ్గు, దాని వెనక బార్జి, ఆవలి ఒడ్డున మలేసియాలో జోహోర్ వైపు పొగగొట్టాలు. ఎక్కడ వదిలానో ఆనవాలు పట్టలేకపోయాను. గొలుసు ఏటవాలుగా నీళ్ళలోకి దిగుతోంది. అది బిగుసుకుంటూ, వదులవుతూ, మళ్ళీ బిగుసుకుంది. పాదం దాని మీద పెట్టి గట్టిగా తొక్కాను. కళ్ళతో చూస్తుంటే తెలిసింది, గొలుసు చిన్నగా అదురుతోంది. కాలికి తెలియకపోయినా నీళ్ళను తాకే చోట వలయాలు పుడుతున్నాయి. ఇంకొంచెం వదిలాను. వలయాలు ఆగిపోయాయి. గొలుసు కర్రలా బిగుసుకుని నిలిచింది.

వెనక నుంచి కేక వినిపించింది.

"భాభీ, పట్టిందా?"

అతను గోడకేసి చూస్తూ, చుక్కాని మీద చేతులతో, ఎప్పటిలాగే అరిచాడు. అన్నది ఏమిటో అతనికి తెలియను కూడా తెలియలేదు. 

"పట్టింది, పోనివ్వండి" అన్నాను.

పడవ మెల్లగా వెళ్ళి గోడకు చేతికందే దూరంలో ఆగింది. అమ్మాయి మోకుతో మెట్ల మీదికి దిగింది. దిగి, వంగి నీళ్ళలోకి చూసి, "పెద్దమ్మా" అని పిలిచింది. "ఇలా రా. మన పూలే."

మెట్ల మూలలో, ఎండుటాకులూ ఒక ప్లాస్టిక్ సంచీ తేలుతున్న చోట, పసుపు చామంతులు గుప్పెడు గోడను ఆనుకుని ఊగుతున్నాయి. వదినగారు అంచు పట్టుకుని వంగి చాలాసేపు చూసింది.

"ఎప్పుడూ అంతే ఇది. ఎవరితో ఎక్కడికెళ్ళినా మనకంటే ముందు ఇంటికొచ్చి కూర్చునేది" అంది. తర్వాత నా వైపు తిరిగి, "చూశారా మరిదిగారూ, మీరు అటు చూసినందువల్ల ఆగలేదది. ముందే వచ్చేసింది" అంది. ఆవిడ మొహం తేటపడింది.

నా స్నేహితుడు ఇంజను ఆపేసి, తల వంచుకుని చుక్కాని దగ్గరే కూర్చున్నాడు. తాను ఎవరిని పిలిచాడో అప్పటికి గుర్తొచ్చినట్టుంది. అమ్మాయి వెళ్ళి అతని పక్కన కూర్చుంది.

పోటు వేళ నీళ్ళ మీద వదిలిన పూలు ఒడ్డుకే వస్తాయి. మేం బార్జి కోసం ఆగాం, రెండోసారి లంగరు దించాం, పూలకి మాత్రం ఆగే పని లేదు. ఆ వేళ ఎంచింది నేనే. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. బకెట్టుతో మంచినీళ్ళు తెచ్చి, పైన మిగిలిన గొలుసు మీద బురద కడిగాను. ప్రతిసారీ తను చేసే పని అది.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అమ్మాయి చూసింది. "నాన్నా, నీ కాలు!" అంది. అరికాలి మీద గొలుసు కడియాలు వరసగా అచ్చు పడ్డాయి. ఒకచోట చర్మం చీలి రక్తం గడ్డకట్టింది.

"నొప్పిగా లేదా?"

"లేదు" అన్నాను. నిజంగానే లేదు. ఆ రాత్రి డైరీలో గాలి ఎటుదో, లంగరు రెండోసారి పట్టిందని, ఒక రబ్బరు దిండు పోయిందని రాసుకున్నాను.

వదినగారు ఊరికి వెళ్ళిపోయింది. నేను ఆఫీసుకు మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాను. ఒకరోజు పొద్దున రైల్లో, జనం మధ్య నిలబడి ఉండగా గొలుసు తొక్కిన ఆ పాదం సలపడం మొదలైంది. ముందు కొంచెంగా, తర్వాత మోకాలి దాకా. బరువు రెండో కాలి మీద వేసుకున్నాను. చాల్లేదు. నా మొహంలో ఏం కనిపించిందో, ఎదుట కూర్చున్న ఒక చైనా అమ్మాయి లేచి, "అంకుల్, సిట్ లా, సిట్" అంది.

వద్దనబోయి, కూర్చున్నాను. దిగాల్సిన స్టేషన్ వచ్చినా లేవలేకపోయాను.